జింక్ ఫింగరా, టేలా, క్రిస్పరా: డీఎన్‌ఏలో ఒక చోటును పట్టుకునే ప్రోటీన్‌ను ఎంచుకోవడం ఎలా

ఒక జన్యువును ఆపాలన్నా, దాని పనిని పెంచాలన్నా, దాన్ని కత్తిరించాలన్నా, కోట్ల అక్షరాల డీఎన్‌ఏలో దాని చోటును తప్పకుండా పట్టుకోగల అణువొకటి ముందుగా కావాలి. ఇందుకు ఇప్పుడు ప్రయోగశాలల్లో వాడుకలో ఉన్న మార్గాలు ప్రధానంగా మూడు: జింక్ ఫింగర్లు, టేల్ ప్రోటీన్లు, క్రిస్పర్-క్యాస్9. గత దశాబ్దంలో జీవశాస్త్రం చదువుకున్న వారికి మూడో పేరే మొదట గుర్తుకు వస్తుంది. మొదటిది చాలామందికి పాఠ్యపుస్తకంలోని బొమ్మగానే పరిచయం. తయారు చేసుకోవడంలో సౌలభ్యం ఒక్కటే కొలత అయితే క్రిస్పర్‌కు పోటీ లేదు, ఈ వ్యాసం అక్కడితో ముగిసేది. అయితే ఆ అణువును ఏ కణంలోకి, ఏ వాహకంలో (కణంలోకి మోసుకెళ్ళే సాధనంలో) పంపుతారు, అక్కడ అది ఎంతకాలం ఉండాలి, చోటు దొరికాక ఏం చేయాలి అన్న ప్రశ్నలను ముందు వేసుకుంటే జవాబు చాలాసార్లు మారుతుంది. పరిశోధన మొదలుపెట్టబోతున్న విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఆ ప్రశ్నల వరుసలోనే ఈ పోలికను సాగిస్తాను.

ముందు ఏ ఫింగర్ అన్నది తేల్చుకోవాలి

జింక్ ఫింగర్ అన్నది ఒకే డొమైన్ (ప్రోటీన్‌లో విడిగా మడతపడే భాగం) పేరు కాదు. జింక్ అయాన్‌ను పట్టుకొని మడత నిలుపుకునే చిన్న చిన్న నిర్మాణాలన్నింటికీ కలిపి స్థిరపడిన పేరు. ఇందులో జింక్ రసాయన చర్య ఏదీ జరపదు. పట్టుమని ముప్ఫై అమైనో ఆమ్లాలు కూడా లేని గొలుసుకు తనంతట తాను స్థిరమైన రూపం నిలుపుకునేంత లోపలి భాగం ఉండదు కనుక, ఆ లోటును జింక్ పూరిస్తుంది. 1985లో కేంబ్రిడ్జిలోని ఎంఆర్‌సీ ప్రయోగశాలలో ఆరన్ క్లుగ్ బృందం ఆఫ్రికా గోళ్ళకప్ప అండకణాల్లోని టీఎఫ్3ఏ అనే ప్రోటీన్‌ను పరిశీలించి, దాదాపు ముప్ఫై అమైనో ఆమ్లాల వరుస ఒకటి అందులో తొమ్మిదిసార్లు పునరావృతమవుతున్నదనీ, ప్రతి వరుసా రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లతో ఒక జింక్ అయాన్‌ను బంధిస్తున్నదనీ ప్రతిపాదించింది. ఈ సిస్టీన్2-హిస్టిడిన్2 తరగతే మానవ జన్యుసముదాయంలో అత్యంత విస్తృతమైనది. దీన్ని మోసే జన్యువులు మనలో ఏడు వందలకు పైగా ఉన్నాయి.

అదే టీఎఫ్3ఏ ఒక జాగ్రత్తను కూడా నేర్పుతుంది. అది 5ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు లోపలి భాగానికి అతుక్కొని అనులేఖనాన్ని (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారీని) ప్రారంభిస్తుంది, ఆ జన్యువు నుంచి వచ్చిన 5ఎస్ ఆర్‌ఎన్‌ఏకూ అతుక్కొని దాన్ని అండకణంలో నిల్వ ఉంచుతుంది. కాబట్టి డేటాబేస్‌లో మీ ప్రోటీన్ పక్కన జింక్ ఫింగర్ అని రాసి ఉన్నంత మాత్రాన అది డీఎన్‌ఏకు అతుక్కునే ప్రోటీన్ అని తీర్మానించకూడదు. నేను చూసిన ప్రాజెక్టు ప్రతిపాదనల్లో తరచుగా కనిపించే తొందరపాటు ఇదే.

ఏ తరగతి ఏ పని చేస్తుందో తెలిస్తే ప్రయోగం ఎంపిక సులువవుతుంది. అండాశయ, రొమ్ము కేన్సర్ల సందర్భంలో వినిపించే బీఆర్‌సీఏ1లోనూ, పీ53ని అదుపులో ఉంచే ఎండీఎం2లోనూ ఉన్న రింగ్ ఫింగర్ రెండు జింక్ అయాన్లను అడ్డదిడ్డంగా ముడివేసినట్టు పట్టుకుంటుంది. దాని పని మరో ప్రోటీన్‌కు యుబిక్విటిన్ అనే చిన్న గుర్తు ప్రోటీన్‌ను తగిలించడంలో సహకరించడం. అలాంటి ప్రోటీన్‌కు డీఎన్‌ఏ బంధన పరీక్ష చేయడం సమయం వృథా. యుబిక్విటినీకరణ పరీక్ష చేయాలి. పీహెచ్‌డీ అనే తరగతి ఫింగర్, డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్ల తోకలను చదువుతుంది. ఐఎన్‌జీ2, బీపీటీఎఫ్ అనే ప్రోటీన్లలోని పీహెచ్‌డీ ఫింగర్లు హిస్టోన్ హెచ్3లో నాలుగో లైసిన్ మీది మూడు మిథైల్ గుర్తును పట్టుకుంటాయని 2006లో తేలింది. లిమ్ డొమైన్లు ప్రోటీన్లను ప్రోటీన్లతో కలుపుతాయి. మూడు సిస్టీన్లు, ఒక హిస్టిడిన్ ఉన్న తరగతికి చెందిన ట్రిస్టెట్రాప్రోలిన్ ఏ, యూ అక్షరాలు నిండిన ఆర్‌ఎన్‌ఏ చివరలను పట్టుకొని, టీఎన్ఎఫ్ వంటి వాపు కారకాల ఎంఆర్‌ఎన్‌ఏలు త్వరగా విచ్ఛిన్నమయ్యేలా చేస్తుంది. హెచ్ఐవీ న్యూక్లియోకాప్సిడ్‌లోని రెండు చిన్న జింక్ ముడులు వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను కొత్త కణికల్లోకి సర్దుకోవడానికి తోడ్పడతాయి.

డీఎన్‌ఏను చదివేవాటిలోనూ తేడాలున్నాయి. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం వంటి కేంద్రక గ్రాహకాలు నాలుగేసి సిస్టీన్లతో రెండు జింక్ అయాన్లను పట్టుకొని, తరచుగా జంటలుగా పనిచేస్తాయి. ఈస్ట్‌లోని గాల్4 ఆరు సిస్టీన్లతోనే రెండు జింక్ అయాన్లను పంచుకుంటుంది. ఇవి తమ తమ చోట్లలో సమర్థంగా పనిచేసేవే అయినా, మనకు కావలసిన కొత్త వరుసను చదివించడానికి అనువైనవి కావు, ఎందుకంటే వీటిలో ఒక్కో భాగం విడిగా నిలవదు. సిస్టీన్2-హిస్టిడిన్2 ఫింగర్లు అలా కాదు. ఒకదాని తరువాత ఒకటి వరుసగా కూర్చబడి ఉంటాయి కనుక ఒకదాన్ని తీసి మరొకటి పెట్టవచ్చు. ఇక్కడి నుంచి పోలిక అంతా ఈ తరగతి గురించే.

మూడూ డీఎన్‌ఏను చదివే తీరు

1991లో పావ్లెటిచ్, పాబో వెలువరించిన, జిఫ్268 అనే జింక్ ఫింగర్ ప్రోటీన్ స్ఫటిక నిర్మాణం ఈ రంగానికి పునాది. అందులో మూడు ఫింగర్లు డీఎన్‌ఏ పెద్ద గాడిలో చుట్టుకొని ఉంటాయి. ప్రతి ఫింగర్‌లోని ఆల్ఫా సర్పిలం మొదలును ఆధారంగా తీసుకుంటే, మైనస్ 1, ప్లస్ 3, ప్లస్ 6 స్థానాల్లోని అమైనో ఆమ్లాలు ఒక పోగు మీది మూడు క్షారాలను (డీఎన్‌ఏ అక్షరాలను) తాకుతాయి. ఈ లెక్కన ఒక్కో ఫింగర్‌కు మూడు క్షార జతలు. మూడు ఫింగర్లు తొమ్మిది జతలను చదువుతాయి. నాలుగక్షరాల లిపిలో తొమ్మిది అక్షరాల వరుసలు 2,62,144 మాత్రమే కనుక, దాదాపు 310 కోట్ల జతల మానవ జన్యుసముదాయంలో అటువంటి చోట్లు వేలల్లో తగులుతాయి. ఆరు ఫింగర్లు పద్దెనిమిది జతలను చదివితే సాధ్యమైన వరుసలు 6,871 కోట్లు దాటుతాయి. అప్పుడే ఒక చోటు అరుదైనదని నమ్మడానికి లెక్క ఒప్పుకుంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఫింగర్లు ఒకదానికొకటి సంబంధం లేనట్టు పనిచేయవు. సర్పిలంలోని రెండో స్థానం అవతలి పోగు మీద, పక్క ఫింగర్‌కు చెందిన ప్రాంతంలోకి చేయి చాస్తుంది. విడివిడిగా బాగా పనిచేసిన ఫింగర్లను వరుసగా కలిపితే పనిచేయకపోవడం ఇందువల్లనే జరుగుతుంది, కేవలం పట్టిక చూసి ముక్కలు కూర్చే పద్ధతి చాలామందిని నిరాశపరచిందీ ఇందువల్లనే. పొరుగు ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకునే గణన నమూనాను న్యూయార్క్, టొరంటో విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2023లో ప్రచురించిన తరువాత పరిస్థితి మెరుగుపడింది. అయినా నాలుగైదు రూపాలను తయారు చేసి, పరీక్షించి, ఒకటి ఎంచుకునే ఓపిక లేనివారు ఈ దారిలోకి రాకపోవడమే మంచిది.

టేల్ ప్రోటీన్ల లిపి ఇంతకంటే సరళం. ఇవి జాంథోమోనాస్ బాక్టీరియా మొక్క కణాల్లోకి పంపే ప్రోటీన్లు. దాదాపు ముప్ఫై నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఒకటి పదేపదే వస్తుంది. ప్రతి వరుసలో 12, 13 స్థానాల్లోని జంట ఒకే ఒక్క క్షారాన్ని నిర్ణయిస్తుంది. 2009లో రెండు బృందాలు ఈ లిపిని విడివిడిగా ఛేదించాయి. పక్కవాటి ప్రభావం ఇక్కడ చాలా తక్కువ, కాబట్టి కాగితం మీద రాసుకున్నది ప్రయోగంలోనూ చాలావరకు నిలుస్తుంది. ఈ ప్రోటీన్లతో తెలుగు రైతుకు ఉన్న సంబంధం పాతదే: వరిలో బాక్టీరియా ఎండాకు తెగులును కలిగించే జాంథోమోనాస్ ఒరైజే ఇటువంటి ప్రోటీన్‌తోనే మొక్కలోని చక్కెర రవాణా జన్యువు ప్రమోటర్‌ను (జన్యువును పని మొదలుపెట్టించే ముందు భాగాన్ని) పట్టుకొని, తన ఆహారానికి తలుపు తెరుచుకుంటుంది. ఆ ప్రమోటర్‌లో వరుస మారిన రూపమే ఎక్స్ఏ13 అనే నిరోధక జన్యువు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం కలిసి అభివృద్ధి చేయగా 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరిలో ఎక్స్ఏ21, ఎక్స్ఏ5లతో పాటు ఇదీ ఉంది.

క్రిస్పర్‌లో చదివేది ప్రోటీన్ కాదు, ఇరవై అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ. చోటు మారితే ఆర్‌ఎన్‌ఏ మార్చితే చాలు, కత్తిరించే ప్రోటీన్ క్యాస్9 అదే. షరతు ఒక్కటే: లక్ష్యం పక్కన ఎన్‌జీజీ అనే మూడక్షరాల గుర్తు ఉండాలి. రెండు పోగులనూ కలుపుకుంటే సగటున ఎనిమిది జతలకొకసారి ఆ గుర్తు దొరుకుతుంది కనుక ఒక జన్యువును పాడు చేయడానికి చోటు దొరకకపోవడం అరుదు. కచ్చితంగా ఈ అక్షరం దగ్గరే పని జరగాలి అన్నప్పుడు మాత్రం ఆ షరతు ఇబ్బంది పెడుతుంది.

పరిమాణం దగ్గర లెక్క తిరగబడుతుంది

పద్దెనిమిది జతలను చదవడానికి ఆరు ఫింగర్లు, అంటే సుమారు 180 అమైనో ఆమ్లాలు చాలు. జన్యువుగా రాస్తే అది 550 జతల లోపు. అదే పనికి టేల్ వరుసలే 600 అమైనో ఆమ్లాలు దాటుతాయి, వాటి రెండు చివర్లలో ఉండవలసిన భాగాలు అదనం. స్ట్రెప్టోకోకస్ పయోజనీస్ క్యాస్9 ఒక్కటే 1,368 అమైనో ఆమ్లాలు, అంటే 4,100 జతల పైచిలుకు. శరీరంలోకి జన్యువులను మోసుకుపోవడానికి ఎక్కువగా వాడే ఏఏవీ వాహకం పట్టేది దాదాపు 4,700 జతలు. ప్రమోటర్, చివరి సంకేతం, గైడ్, క్యాస్9కు జోడించదలచిన మరో ప్రోటీన్ అన్నీ అందులోనే ఇమడాలంటే ఆ క్యాస్9కు చోటు సరిపోదు; చిన్న క్యాస్ ప్రోటీన్లకో, రెండు వాహకాలకో మళ్ళాలి. జింక్ ఫింగర్లనైతే రెండు మూడు వేర్వేరు రెప్రెసర్లుగా (జన్యువులను ఆపే ప్రోటీన్లుగా) ఒకే వాహకంలో సర్దవచ్చు.

టేల్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. దాదాపు ఒకేలా ఉండే వరుసలు పక్కపక్కన పేర్చి ఉండటంతో లెంటివైరస్ వాహకాల్లో అవి తమలో తాము పునస్సంయోగం చెంది కొన్ని వరుసలు రాలిపోతాయి. ఎంఆర్‌ఎన్‌ఏ రూపంలో పంపేవారికి ఈ బాధ లేదు.

ఎక్కువకాలం శరీరంలో ఉండవలసిన ప్రోటీన్ విషయంలో పుట్టుక కూడా ముఖ్యమే. క్యాస్9, టేల్ బాక్టీరియా ప్రోటీన్లు; స్ట్రెప్టోకోకస్ సోకని మనిషి అరుదు కనుక క్యాస్9 మీద రోగనిరోధక జ్ఞాపకం చాలామందిలో ముందే ఉంటుంది. జింక్ ఫింగర్ చట్రం మన సొంత ప్రోటీన్లదే. గుర్తించే అమైనో ఆమ్లాలు మార్చినవే కాబట్టి రోగనిరోధక స్పందన అసలే ఉండదని చెప్పలేము, కానీ ప్రమాదం తక్కువ అనుకోవడానికి హేతువు ఉంది.

ఏ పనికి ఏది

ప్రయోగశాలలో పెంచుతున్న కణాల్లో ఒక జన్యువును పాడు చేసి ఫలితం చూడాలంటే క్రిస్పర్ తప్ప మరొకటి ఆలోచించనవసరం లేదు. వందల జన్యువులను ఒకేసారి పరీక్షించే పనికీ అంతే. 1996లో శ్రీనివాసన్ చంద్రశేఖరన్ బృందం ఫోక్1 అనే కత్తెర ఎంజైమును జింక్ ఫింగర్లకు అతికించి చూపిన పద్ధతి చరిత్రలో మొదటిదే, 2009లో మొక్కజొన్నలో ఫైటేట్ తయారీ జన్యువును కత్తిరించడానికీ అది ఉపయోగపడింది. కానీ ప్రతి కోతకూ రెండు కొత్త ప్రోటీన్లు రూపొందించుకోవలసిన ఆ శ్రమను ఈ రోజు మామూలు జన్యు విధ్వంసం కోసం పడటంలో అర్థం లేదు.

పైరు మొక్కల్లోనూ నా సలహా ఇదే. పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 మార్చిలో బయటి డీఎన్‌ఏ మిగలని సవరణలకు ఇచ్చిన మినహాయింపు తుది మొక్కను చూసి ఇచ్చినదే తప్ప వాడిన పరికరాన్ని చూసి కాదు, కాబట్టి అనుమతుల కోణంలో జింక్ ఫింగర్‌కు ప్రత్యేక లాభమేదీ రాదు. 2025 మేలో ప్రకటించిన రెండు సవరిత వరి రకాలూ క్రిస్పర్‌తో చేసినవే. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. కాటన్‌దొర సన్నాలుగా మనకు తెలిసిన ఎంటీయూ 1010 నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1లో సవరించిన డీఎస్‌టీ జన్యువు సిస్టీన్2-హిస్టిడిన్2 జింక్ ఫింగర్ ప్రోటీన్‌కే సంకేతం. పత్రరంధ్రాలు మూసుకోవడాన్ని అది అడ్డుకుంటుంది కనుక, దాన్ని తీసేస్తే మొక్క నీటిని పొదుపు చేస్తుంది. సాంబ మసూరి నుంచి వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 100లో సవరించిన సీకేఎక్స్2 జన్యువును వరిలో నడిపించేవాటిలో అదే డీఎస్‌టీ ప్రోటీన్ ఉంది. కోసింది క్రిస్పర్ అయినా రెండు సందర్భాల్లోనూ జింక్ ఫింగర్ నడిపే దారిలోనే కోత పడింది.

వైద్యంలోనూ ఇటువంటిదే జరిగింది. 2023 నవంబరులో బ్రిటన్‌లో, డిసెంబరులో అమెరికాలో కొడవలి కణ వ్యాధికి అనుమతి పొందిన తొలి క్రిస్పర్ చికిత్స కత్తిరించేది బీసీఎల్11ఏ జన్యువు ఎన్‌హాన్సర్‌ను, అంటే ఆ జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ భాగాన్ని. పిండదశ హిమోగ్లోబిన్‌ను పెద్దయ్యాక ఆపివేసే బీసీఎల్11ఏ జింక్ ఫింగర్ ప్రోటీన్. ఆ ఎన్‌హాన్సర్‌లో కోత చెరిపేసే వరుస గాటా1 అనే మరో జింక్ ఫింగర్ ప్రోటీన్ అతుక్కునే చోటు. ఆదిలాబాద్, పాడేరు వంటి గిరిజన ప్రాంతాల్లో ఈ వ్యాధి భారం తెలిసినవారు ఈ యంత్రాంగాన్ని తప్పక తెలుసుకోవాలి. కణాలను శరీరం బయటికి తీసి సవరించి తిరిగి ఎక్కించే ఈ తరహా చికిత్సలో వాహకం ఇరుకు అన్న సమస్య రాదు, కాబట్టి క్రిస్పర్ ఎంపిక సరైనదే.

మెదడు, కాలేయం వంటి అవయవాల్లో, కోత లేకుండా, ఒక జన్యువును ఆపి ఉంచాలన్నప్పుడు మాత్రం నేను జింక్ ఫింగర్‌నే ముందు పరిశీలించమంటాను. మన కణాల్లో వందల జింక్ ఫింగర్ ప్రోటీన్లు క్రాబ్ అనే డొమైన్‌ను మోస్తూ, దాని ద్వారా కాప్1 అనే ప్రోటీన్‌ను పిలిచి, హిస్టోన్ హెచ్3 తొమ్మిదో లైసిన్ మీద మిథైల్ గుర్తులు వేయించి, గెంతే జన్యువులను (డీఎన్‌ఏలో చోటు మార్చుకునే ముక్కలను) మూసి ఉంచుతున్నాయి. మన రెప్రెసర్లు చేసేది ఈ సహజ పనినే కొత్త చోటికి తిప్పడం. క్రిస్పర్‌తో జన్యువును ఆపేవారు కోత శక్తి లేని క్యాస్9కు అతికించే క్రాబ్ కూడా మొదట జింక్ ఫింగర్ ప్రోటీన్ నుంచి తీసుకున్నదే. హంటింగ్టన్ వ్యాధిలో సీఏజీ పునరావృతం పొడవుగా ఉన్న ప్రతిని ఆపి, మామూలు ప్రతిని చాలావరకు వదిలిపెట్టే జింక్ ఫింగర్ రెప్రెసర్లను 2019లో ప్రచురించారు. పొడవైన పునరావృతం మీద ఎక్కువ అణువులు పక్కపక్కన కూర్చోగలవన్నదే అక్కడి కిటుకు. ఇరుకుగా సర్దుకోగల చిన్న ప్రోటీన్‌కు అది సహజంగా నప్పే పని. మూడింటినీ ఒకే లక్ష్యం మీద పోల్చినదంటే మిలాన్ పరిశోధకులు 2024లో ఎలుకల్లో, కొలెస్టరాల్‌ను ప్రభావితం చేసే పీసీఎస్‌కే9 జన్యువు మీద చేసిన పని: ఆ జన్యువును శాశ్వత గుర్తులతో ఆపడంలో టేల్, క్యాస్9 కంటే జింక్ ఫింగర్లే మెరుగ్గా నిలిచాయి, ఒకే మోతాదుతో దాదాపు ఏడాది పాటు రక్తంలో ఆ ప్రోటీన్ సగానికి తగ్గి ఉంది. ఒక్క జన్యువు, ఒక్క అవయవం మీది ఫలితాన్ని అన్నింటికీ వర్తింపజేయకూడదు, కానీ జింక్ ఫింగర్ కాలం చెల్లినదన్న మాటకు ఇది తగిన జవాబు.

మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద పనిచేసేవారికి క్రిస్పర్ దాదాపు అందని పండు, ఎందుకంటే గైడ్ ఆర్‌ఎన్‌ఏను ఆ రెండు పొరల లోపలికి నమ్మకంగా చేర్చే మార్గం లేదు. ప్రోటీన్‌నైతే చిన్న చిరునామా తోక తగిలించి పంపవచ్చు. 2020లో వచ్చిన మైటోకాండ్రియా క్షార సవరణ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరాన్ని మార్చే) పద్ధతి టేల్ మీద నిలబడింది. ఏఏవీలో ఇరుకు వస్తే జింక్ ఫింగర్ రూపాలకు మారవచ్చు.

జింక్ ఫింగర్‌ను ఎంచుకున్నాక

ప్రోటీన్‌ను శుద్ధి చేస్తున్నప్పుడు అలవాటుగా కలిపే ఈడీటీఏను పూర్తిగా మానాలి, అది జింక్‌ను లాగేసుకుంటుంది. జెల్ మీద డీఎన్‌ఏ బంధనాన్ని చూసేటప్పుడు వాడే టీబీఈ ద్రావణంలోనూ ఈడీటీఏ ఉంటుందన్న సంగతి చాలామందికి స్ఫురించదు. ట్రిస్, బోరేట్ మాత్రమే ఉన్న ద్రావణం వాడాలి. బఫర్‌లో కొన్ని పదుల మైక్రోమోలార్ జింక్ లవణం కలపడం మంచిది, అయితే ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపితే జింక్ ఫాస్ఫేట్ అవక్షేపంగా దిగిపోతుంది. సిస్టీన్లు ఆక్సీకరణ చెందితే మడత పోతుంది కాబట్టి క్షయకరణి తప్పనిసరి.

పోలిక కోసం పనిచేయని రూపాన్ని తయారు చేసేటప్పుడు కూడా ఎంపిక చేసుకోవలసి ఉంటుంది. జింక్‌ను పట్టే సిస్టీన్‌ను మార్చడం అందరూ చేసే పని. కానీ అలా చేస్తే ఆ ఫింగర్ మడతే కూలిపోతుంది, ప్రోటీన్ ముద్ద కట్టవచ్చు, కణం దాన్ని నాశనం చేయవచ్చు. అప్పుడు ప్రభావం పోయింది డీఎన్‌ఏను పట్టుకోకపోవడం వల్లనా, ప్రోటీనే మిగలకపోవడం వల్లనా అన్నది చెప్పలేము. సర్పిలంలోని మైనస్ 1, 3, 6 స్థానాలను అలనీన్‌గా మార్చిన రూపంలో మడత నిలుస్తుంది, గుర్తింపు మాత్రమే పోతుంది. రెండూ చేయడానికి వీలుంటే రెండూ చేయండి. ఒకటే చేయగలిగితే రెండోదాన్నే చేసి, కణంలో దాని పరిమాణం అసలు రూపంతో సమానంగా ఉందని వెస్టర్న్ బ్లాట్‌తో చూపండి.